పంతొమ్మిదో కారణం

విమానం తలుపు తెరుచుకున్నాక నూట అరవై మందీ దిగిపోయేదాకా వీల్‌చైర్ వాళ్ళు కదలకూడదన్నది రూలు. ఆ రూలు మీద డిగ్రీకి ఇన్నాళ్ళూ కోపం రాలేదు. ఏడూ పదికి దిగి ఎనిమిదిన్నరకి ఇంకో విమానం ఎక్కేవాళ్ళకి బోలెడంత టైముండేది. ఎవరు ముందు దిగితేనేం, ఎవరు వెనక దిగితేనేం. కానీ ఈ సోమవారం నుంచి టైమ్‌టేబుల్ మారింది. ఏడూ పది విమానం ఏడూ నలభై ఐదుకి దిగుతోంది. ఎనిమిదిన్నరది మాత్రం ఎనిమిదిన్నరకే ఎగురుతోంది. దాని గేటు ఎనిమిదింపావుకి మూసేస్తారు. అంటే చేతిలో మిగిలింది అరగంట. ఆ అరగంటలో ఇరవై నిమిషాలు, పైఅరల్లోంచి పెట్టెలు దించుకునేవాళ్ళే మింగేస్తున్నారు.

ఆమెకి ఇంట్లో పెట్టిన పేరు ఇంట్లోనే ఉండిపోయింది. వీల్‌చైర్లు నెట్టే ముప్పై మందిలో డిగ్రీ పాసైంది ఆమె ఒక్కతే కావడంతో, పనిలో చేరిన వారానికే అందరికీ డిగ్రీ అయిపోయింది. మొదట్లో అది వెటకారం. ఇప్పుడది పేరు.

మంగళవారం పొద్దున ఆమె విమానం గుమ్మం పక్కన, కుర్చీ బ్రేకు మీద కాలేసి నిలబడి వాచీ చూసుకుంటోంది. వెనక ఇంకో రెండు కుర్చీలు, వాటిని పట్టుకుని ఇద్దరు తోటివాళ్ళు. లోపలి నుంచి మనుషులు వస్తూనే ఉన్నారు. ఒకాయన సరిగ్గా గుమ్మంలో ఆగి, "దిగాను, ఆఁ, దిగాను" అని ఫోన్లో చెబుతున్నాడు.

"ఇంకా దిగలేదండీ, గుమ్మంలోనే ఉన్నారు" అంది డిగ్రీ.

ఆయన చురుగ్గా చూసి కదిలాడు.

దుబాసీ గారు బయటికొచ్చేసరికి ఎనిమిదీ ఏడయింది. సీట్ల మధ్య సందులో పట్టేలా చేసిన సన్న కుర్చీలో ఆవిడని గుమ్మందాకా తెచ్చారు. అక్కడి నుంచి పెద్ద కుర్చీలోకి మారడానికి ఆవిడ ఎవరి సాయమూ తీసుకోరు. రెండు చేతులూ ఆనించి, పెదవి బిగించి, ఒక్క ఊపులో ఇవతలికి వచ్చేస్తారు. యాభై దాటిన మనిషి. కాళ్ళు పని చెయ్యకపోయినా వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, ఈ దారినే అవతలి ఊరి కోర్టుకి వెళ్తారు. అక్కడ ఒక భాషలో చెప్పింది ఇంకో భాషలో చెప్పడం ఆవిడ ఉద్యోగం.

"ఎనిమిది నిమిషాలుంది. గట్టిగా పట్టుకోండి" అంది డిగ్రీ.

"పట్టుకోవడానికి నాకు కుర్చీ ఉంది. నీకేముంది? నువ్వు జాగ్రత్త."

మూడు కుర్చీలూ ఒకదాని వెనక ఒకటి పరుగందుకున్నాయి. వాలుదారి, మలుపు, లిఫ్టు. లిఫ్టు దగ్గర ఒక నిమిషం, తనిఖీ వరసలో నాలుగు. బెల్టు మీంచి దుబాసీ గారి సంచి ఇవతలికి రాకముందే డిగ్రీ చెయ్యి లోపలికి పెట్టి లాగేసింది. చివరి వరండాలో ఆమె చెప్పుల చప్పుడుకి కూర్చున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకున్నారు. గేటు దగ్గరికి చేరేసరికి ఎనిమిదీ పంతొమ్మిది. అద్దాల తలుపుకి తాళం పడిపోయింది.

"లిస్టు వెళ్ళిపోయిందండీ. ముగ్గుర్నీ తీసేశాం" అంది గేటు పిల్ల.

అద్దంలోంచి విమానం కనిపిస్తూనే ఉంది. దాని పొట్టకి భోజనాల లారీ అంటుకుని ఉంది. ఇద్దరు మనుషులు తోపుడు పెట్టెల్ని తీరిగ్గా లోపలికి నెడుతున్నారు. ఎనిమిదిన్నర అయింది. లారీ కదల్లేదు. ముప్పావు అయింది. ఒక పెట్టె తలుపు పట్టకపోతే దాన్ని వెనక్కి తెచ్చి మళ్ళీ సర్దారు. ఎనిమిదీ యాభై రెండుకి విమానం వెనక్కి జరిగింది. ముగ్గురు కుర్చీల వాళ్ళూ, వాళ్ళని తోసుకొచ్చిన ముగ్గురూ సినిమా చూస్తున్నట్టు చూశారు.

గేటు పిల్ల తెర మీద ఒక వరస కొత్తగా వెలిగింది. డిగ్రీ మెడ చాచి చదివింది. ఆలస్యం ఇరవై రెండు నిమిషాలు. కారణం: 19.

ఆమెకి మొదట నవ్వొచ్చింది. తర్వాత చెవులు వేడెక్కాయి.

"ఏం రాసుందక్కడ?" అన్నారు దుబాసీ గారు.

"పంతొమ్మిదండీ. ప్రతి ఆలస్యానికీ ఒక కారణం నంబరు వెయ్యాలి. పంతొమ్మిదంటే నడవలేని ప్రయాణికుల్ని ఎక్కించడంలో ఆలస్యం అని."

"మనల్ని ఎక్కించలేదుగా."

"లేదండీ."

దుబాసీ గారు తెర వైపు వేలు చూపించారు. "ఇరవయ్యేళ్ళుగా దొంగసాక్ష్యాలు అనువాదం చేస్తున్నాను. ఇంత ముచ్చటైనది ఎప్పుడూ తగల్లేదు" అన్నారు.

ఆ మాట అని ఆవిడ నవ్వారు గానీ, ఫోన్ తీసి కోర్టు గుమాస్తాతో మాట్లాడుతుంటే ఆ నవ్వు కొంచెం కొంచెంగా పోయింది. ఫోన్ పెట్టేసి, సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ చెప్పారు. ఒక ఇంట్లో పనిచేసే ఆవిడ మీద దొంగతనం కేసు. ఆరు వారాలుగా జైల్లో ఉంది. ఆవిడ భాష ఆ ఊళ్ళో ఎవరికీ రాదు. ఈ రోజు ఆవిడ తన మాట చెప్పుకోవాల్సిన రోజు. వాయిదా పడింది.

"మళ్ళీ ఎప్పుడండీ?"

"శుక్రవారం పదకొండు గంటలకి. శుక్రవారం కూడా దుబాసీ రాకపోతే, రాసిచ్చిన కాగితంతోనే సరిపెట్టేస్తామంటున్నారు. ఆ కాగితం రాసింది పనిలో పెట్టుకున్నవాళ్ళు."

"ముందురోజే వెళ్ళిపోతే?"

"గురువారం చీకటి పడేదాకా మా ఊరి కోర్టు నన్ను వదలదమ్మాయ్. ఇదొక్కటే దారి."

షిఫ్టు నడిపే ఆయన్ని అందరూ షిఫ్టాయన అంటారు. ఆయన చెడ్డవాడేం కాదు. ఎవరికి జ్వరమొచ్చినా సెలవిస్తాడు, ఎవరి అన్నం డబ్బాలోనైనా చెయ్యి పెడతాడు. కారణాల నంబర్లు వేసేది ఆయనే. డిగ్రీ వెళ్ళి ఎదురుగా నిలబడితే, అడగబోయేది తెలిసినట్టే కుర్చీ వెనక్కి వాల్చాడు.

"నీకు డిగ్రీ ఉందిగానీ లోకం తెలీదమ్మా. భోజనాల వాళ్ళ మీద వేశాననుకో, వాళ్ళు ఫోన్ చేస్తారు. పెట్రోలు వాళ్ళ మీద వేస్తే ఉత్తరం రాస్తారు. సామాన్ల వాళ్ళ మీద వేస్తే కేంటీన్‌లో నా పక్కన కూర్చోరు. పంతొమ్మిది వేస్తే ఎవరికీ నొప్పి లేదు. ఏ సెక్షనూ కిక్కురుమనదు."

"ఆ కుర్చీల్లో ఉన్నవాళ్ళు సార్?"

"వాళ్ళకి తెలిస్తేగా."

"నెలకి ఎన్నిసార్లు వేస్తారు?"

"ఆవులింతలు ఎవరైనా లెక్కపెట్టుకుంటారా?"

ఎవరో లెక్కపెట్టారని బుధవారం మధ్యాహ్నం తెలిసింది. బట్టలు మార్చుకునే గది గోడ మీద ఒక కాగితం అంటించారు. గత మూడు నెలల్లో నలభై ఒక్క ఆలస్యాలకు కారణం 19 అయినందువల్ల, గంటన్నర కంటే తక్కువ వ్యవధి ఉన్న చోట ఇకపై వీల్‌చైర్ ప్రయాణికులకు టికెట్ ఇవ్వరాదు. శనివారం నుంచి అమలు. కింద స్టేషన్ మేనేజరమ్మ సంతకం.

డిగ్రీ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. గంటన్నర గడిచాక అవతలి ఊరికి పొద్దుటి విమానం లేదు. సాయంత్రం నాలుగుకే ఉంది. అది కోర్టు లేచిపోయాక చేరుతుంది. అంటే ఈ శుక్రవారం గండం గట్టెక్కినా ఆ పై మంగళవారం లేదు, ఆ పై శుక్రవారం లేదు. దుబాసీ గారి ఉద్యోగమే లేదు. ఆవిడ నోటితో మాట్లాడేవాళ్ళకి నోరే లేదు.

చేతి తొడుగులు కూడా తియ్యకుండా మూడో అంతస్తుకి మెట్లెక్కింది.

మేనేజరమ్మ గదిలో ఒక గోడ నిండా తెరలే. ఆవిడ తలెత్తకుండానే, "ఎవరు పంపారు?" అంది.

"ఎవరూ పంపలేదు మేడం. ఆ నలభై ఒకటీ నిజం కాదు. నిన్నటిది నా కళ్ళతో చూశాను. భోజనాల లారీ ఆలస్యం చేసింది. మా ముగ్గుర్నీ గేటు బయటే వదిలేసి, మా మీదే రాశారు."

"కావచ్చు. నా దగ్గరున్నవి అంకెలు. నీ దగ్గరున్నది మాట."

"శుక్రవారం ముగ్గురున్నారు మేడం. గేటు మూసేలోపు ఎక్కిస్తాను."

అప్పుడు తలెత్తింది. "అరగంటలో?"

"అరగంటలో."

"ఎలా?"

డిగ్రీకి అబద్ధం చెప్పడం చేతకాలేదు. "ఇంకా తెలీదు మేడం."

మేనేజరమ్మ పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టింది. నవ్వు ఆపుకోవడానికి అలా చేసిందో, విసుగు ఆపుకోవడానికో చెప్పడం కష్టం. "శుక్రవారం నేనే గేటు దగ్గర నిలబడతాను. ఎనిమిదింపావులోపు ముగ్గురూ ఎక్కితే ఆ కాగితం ఆపేస్తాను. ఎక్కకపోతే మాత్రం ఈ మెట్లు మళ్ళీ ఎక్కకు."

దిగేటప్పుడు మెట్లు రెండేసి చొప్పున దిగింది. ఇదేం పిచ్చి, గెలిచినట్టు దిగుతున్నానేమిటని తనలో తనే అనుకుంది కూడా.

*

డిగ్రీ ఉండేది అక్కా బావల ఇంట్లో. రెండు గదులు, ఒక వంటిల్లు, కిటికీలోంచి బస్సు స్టాపు. బావ కూడా విమానాశ్రయంలోనే, లిఫ్టు బండి నడుపుతాడు. లారీ మీద ఒక గది పెట్టి, ఆ గది మొత్తం విమానం తలుపు ఎత్తుకి లేచేలా చేస్తే అదే లిఫ్టు బండి. మెట్లు దిగలేనివాళ్ళని అందులోనే దించుతారు.

"మరదలా, మాట ఇచ్చేముందు మనిషిని అడగాలి, లేకపోతే బండినైనా అడగాలి. రెండూ అడక్కుండా ఇచ్చేశావు" అన్నాడు బావ, విషయమంతా విని.

"అడిగితే ఒద్దనేవాడివి."

"అదీ నిజమే."

అక్క ఇద్దరి యూనిఫారాలకీ ఇస్త్రీ చేస్తోంది. "దానికి డిగ్రీ చెప్పించేటప్పుడే అన్నాను, ఇక ఇది ఎవరి మాటా వినదని" అంది.

"నేనెవరి మాట వింటున్నానో నన్నడిగేవాళ్ళు లేరు" అన్నాడు బావ.

డిగ్రీ బల్ల మీది చెంచా తీసి విమానంలా పెట్టింది. ముందు తలుపు దగ్గర అగ్గిపెట్టె. "నూట అరవై మందీ ఇటు దిగుతారు. మనం వాళ్ళ వెనక దిగాలంటే అయ్యే పని కాదు. వెనక తలుపు సంగతేంటి బావా? మనుషులు దిగేటప్పుడు అది ఊరికే ఉంటుందిగా."

"ఊరికే ఎందుకుంటుంది. క్లీనింగు వాళ్ళ మెట్లు అక్కడే ఆనిస్తారు. విమానం ఆగీ ఆగకముందే పిన్ని తన దండుతో రెడీ. ఆ తలుపు ఆవిడ జాగీరు. ఒకసారి పెట్రోలు వాడెవడో అడ్డమొస్తే బకెట్టు ఎత్తింది."

"పిన్ని ఒప్పుకుంటే?"

బావ చెంచాని తన వైపు తిప్పుకున్నాడు. ఇంతసేపూ ఒద్దనడానికి సాకు వెతుకుతున్న మనిషి వేలితో బల్ల మీద గీతలు గియ్యడం మొదలుపెట్టాడు. "వెనక తలుపు నుంచి దించి, పైకి పోకుండా, నేల మీదే తీసుకెళ్ళి రెండో విమానం వెనక తలుపుకి ఎక్కిస్తే... వరండా లేదు, లిఫ్టు లేదు. నా బండి ఒక్కటే. తొమ్మిది వందల మీటర్లు. నాలుగు నిమిషాలు." ఆగి, "తనిఖీ?" అన్నాడు.

"సామాను బళ్ళు వెళ్ళే కింది ద్వారం దగ్గర ఒక తనిఖీ గదుంది. పొద్దునపూట ఖాళీ. రేపు వెళ్ళి అడుగుతాను."

"ఇస్త్రీ మడత చెడగొట్టకుండా పడుకోండి ముందు" అంది అక్క. కానీ ఆవిడా ఇస్త్రీ పెట్టె పక్కనపెట్టి చెంచా వైపే చూస్తోంది. "ముగ్గురూ వెనక సీట్లలో ఉండాలి కదే మరి?"

డిగ్రీ, బావ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు.

*

గురువారం పొద్దున డిగ్రీ మొదట చేసిన పని ముగ్గురికీ ఫోన్లు. దుబాసీ గారు రెండు మాటల్లో అర్థం చేసుకుని చివరి వరస అడుగుతానన్నారు. మిగతా ఇద్దరూ భార్యాభర్తలు. ఇద్దరికీ డెబ్బై దాటాయి, ఇద్దరికీ కుర్చీలే. వెనక సీటైతే కుదుపెక్కువని ఆయన, ముందు సీటైతే మీ గురక అందరికీ వినిపిస్తుందని ఆవిడ. పావుగంటకి ఒప్పుకున్నారు. తనిఖీ గది ఆఫీసరమ్మ ఏమీ తర్కించలేదు. "ముగ్గురేనా? పంపించు. నాకూ తోచడం లేదు" అంది.

పిన్ని దగ్గర మాత్రం కథ అంత తేలిగ్గా నడవలేదు. క్లీనింగు వాళ్ళకి పెద్ద, విమానాశ్రయమంతటికీ పిన్ని. ఆవిడ వయసు అరవైకి దగ్గర. చీపుర్లూ బకెట్లూ ఉన్న బండి పక్కన తలకిందులు చేసిన డబ్బా మీద కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంటోంది.

"నాకిచ్చేది పదిహేను నిమిషాలు. అందులో పది నువ్వు తీసుకుంటే, నేను నూట అరవై సీట్లు నీ డిగ్రీ పెట్టి తుడవనా?"

"తీసుకోను పిన్నీ. ఇస్తాను. నువ్వూ నీ వాళ్ళూ మెట్లు ఎక్కక్కర్లేదు. బావ బండిలో బకెట్లతో సహా పైకి రండి. మీరు లోపలికి వెళ్తారు, మావాళ్ళు అదే బండిలో బయటికొస్తారు."

పిన్ని రుద్దుకోవడం ఆపింది. "మెట్లెక్కక్కర్లేదా?"

"ఒక్క మెట్టు కూడా."

"ఇరవై నాలుగు మెట్లు, రోజుకి పదకొండు విమానాలు" అంది పిన్ని. "ఈ ముక్క ముందు చెప్పి తర్వాత మిగతాది చెప్పొద్దూ. అంతేనా మీకు కాలేజీలో నేర్పేది?"

మధ్యాహ్నం ఒక విమానం మరమ్మతుకి పక్కన నిలిపి ఉంటే, బావ బండిని దాని వెనక తలుపుకి ఆనించి చూపించాడు. తూకం కోసం ఎవరైనా కుర్చీలో కూర్చోవాలన్నాడు. డిగ్రీ కూర్చుంది. పట్టీలు బిగించారు. మూడేళ్ళుగా కుర్చీలు తోస్తోంది గానీ, పట్టీలు కట్టించుకుని ఎప్పుడూ కూర్చోలేదు.

గది ఒక్క కుదుపుతో కిందికి జారింది. ఆమె కాళ్ళు తమంతట తామే నేల కోసం వెతికాయి.

"ఆపు బావా."

"ఏమైంది?"

"దించేముందు చెప్పలేదు నువ్వు."

"నువ్వేగా ఎక్కింది. నీకు తెలుసుగా."

"తెలిసినా. కట్టేసున్నప్పుడు ముందు చెప్పాలి. ఎత్తుతున్నాను, దించుతున్నాను, తిప్పుతున్నాను, అన్నీ చెప్పాలి." తను రోజూ వెనక నుంచి ఒక్క మాట లేకుండా ఎంతమందిని మలుపులు తిప్పిందో గుర్తొచ్చి మాట ఆపేసింది. "ఇంకోసారి" అంది తర్వాత.

ఆరుసార్లు చేశారు. ఆరోసారికి తలుపు నుంచి తలుపుకి పన్నెండు నిమిషాలు వచ్చింది. బావ మొహం చూస్తే లాటరీ తగిలినవాడిలా ఉన్నాడు. ఆ మాటంటే ఒప్పుకోలేదు.

*

శుక్రవారం విమానం ఆరు నిమిషాలు ఆలస్యంగా, ఏడూ యాభై ఒకటికి దిగింది.

పొట్ట కింద ఎర్రదీపం ఆరేదాకా ఎవరూ గీత దాటకూడదు. లిఫ్టు బండి గీతకి జానెడు దూరంలో గుర్రుమంటోంది. పైగదిలో పిన్ని, నలుగురు ఆడవాళ్ళు, బకెట్లు, సన్న కుర్చీ, మూడు పెద్ద కుర్చీలు, డిగ్రీ, ఇద్దరు తోటివాళ్ళు. ఒకళ్ళ మోచేయి ఇంకొకళ్ళ పక్కలో ఉంది.

"ఆరిందా?" అంది పిన్ని.

"లేదు."

"నా కళ్ళకి ఆరినట్టే ఉంది."

ఆరింది. బావ క్లచ్చు వదిలాడు. పది గజాలు వెళ్ళాడో లేదో, సామాను బళ్ళ రైలు ఒకటి అడ్డంగా వచ్చి తాపీగా దాటడం మొదలెట్టింది. ఐదు పెట్టెలు. బావ హారన్ మీద చెయ్యి పెట్టలేదు, స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేశాడు. ఆ తాళం పైగదిదాకా వినిపించింది. ఐదో పెట్టె తోక దాటగానే బండి ముందుకి ఉరికింది.

వెనక తలుపు తెరుచుకునేసరికి ఏడూ యాభై తొమ్మిది. ముందు వైపు సందంతా మనుషులతో కిక్కిరిసి ఉంది. పైఅరలు టపటపా తెరుచుకుంటున్నాయి. వెనక వైపు అంతా ఖాళీ. చివరి వరసలో దుబాసీ గారు సంచి ఒళ్ళో పెట్టుకుని, నిబ్బరంగా కూర్చుని ఉన్నారు.

"పెళ్ళివారు దిగినట్టు వచ్చారే" అన్నారు బకెట్లు చూసి.

"మారుద్దామండీ. సన్న కుర్చీ మీ కుడివైపు పెడుతున్నాను. బ్రేకు వేశాను. ఇప్పుడు రండి."

ఆ చెప్పడం కొత్తగా ఉన్నట్టుంది, దుబాసీ గారు ఒకసారి తల తిప్పి చూసి, ఒక్క ఊపులో ఇవతలికొచ్చారు. తర్వాత పెద్దావిడ. తర్వాత ఆయన. ఆయన కళ్ళజోడు సీటు కింద పడింది. పిన్ని చీపురుతో అవతలి నుంచి ఇవతలికి తోసి, తీసి, కొంగుతో తుడిచి ఆయన ముక్కు మీద తనే పెట్టింది.

"దించుతున్నాం" అంది డిగ్రీ. గది మెత్తగా దిగింది. బావకి ముందే చెప్పినట్టు, నెమ్మదిగా. ఎనిమిదీ నాలుగు.

కింది ద్వారం. ఆఫీసరమ్మ ముగ్గుర్నీ రెండు నిమిషాల్లో చూసి పంపింది. పెద్దాయన జేబులో చిన్న కత్తెర దొరికింది. "మీసాలకమ్మా" అన్నాడాయన. "ఆ ఊళ్ళో మంగళ్ళు లేరుటండీ?" అని ఆయన భార్య కత్తెర తీసి ఆఫీసరమ్మ చేతిలో పెట్టేసింది. ఎనిమిదీ ఏడు.

రెండో విమానం వెనక తలుపు కుడివైపు. బండి ఆనింది. "ఎత్తుతున్నాం." ఒకళ్ళు, ఇద్దరు, ముగ్గురు. చివరి పట్టీ బిగించి డిగ్రీ నడుం ఎత్తేసరికి ఎనిమిదీ పన్నెండు.

అప్పుడు తట్టింది. విమానంలో ఉన్నవాళ్ళకి తెలుసు ముగ్గురూ ఎక్కారని. గేటు దగ్గర ఉన్నవాళ్ళకి తెలీదు. వాళ్ళు వరండా వైపు చూస్తుంటారు. బోర్డింగు కాగితాల ముక్కలు మూడూ ఇంకా తన గుప్పెట్లోనే ఉన్నాయి. ఎనిమిదింపావుకి అవి గేటుకి చేరకపోతే లిస్టులో ఈ ముగ్గురూ లేనట్టే. మంగళవారం తీసేసినట్టే తీసేస్తారు, కూర్చున్నవాళ్ళని లేపి దించుతారు.

సందులో మనుషులు పెట్టెలు పైకెత్తుతున్నారు. డిగ్రీ తల వంచి దూరింది. "ఒక్క నిమిషమండీ. పక్కకండీ. పెట్టె కాస్త పైకి పట్టుకోండి, కింద నుంచి పోతాను." ఒకాయన నిజంగానే పెట్టె ఎత్తి పట్టుకున్నాడు, ఆమె దాని కింద నుంచి పోయింది. ముందు తలుపు. గేటుదాకా గొట్టంలాంటి ఏరోబ్రిడ్జి. లోపలికొచ్చేవాళ్ళకి ఎదురీదుతూ పరిగెత్తి, అద్దాల తలుపుని లోపలి వైపు నుంచి తోసింది.

గేటు బల్ల దగ్గర మేనేజరమ్మ వాచీ చూసుకుంటూ నిలబడి ఉంది. ఆవిడ చూపు వరండా వైపే. షిఫ్టాయన చేతులు కట్టుకుని, "చెప్పాను కదా మేడం, పిల్ల మంచిదే, ఆవేశమెక్కువ" అంటున్నాడు.

డిగ్రీ వాళ్ళ వెనక నుంచి వచ్చి మూడు ముక్కలూ బల్ల మీద పెట్టింది.

మేనేజరమ్మ వెనక్కి తిరిగింది. ఎటు నుంచి వచ్చిందో తెలియక తలుపు వైపూ డిగ్రీ వైపూ చూసింది. "కుర్చీలేవి?"

డిగ్రీ ఊపిరి అందుకుంది. "ఎక్కేశారు మేడం. మూడు నిమిషాలైంది."

గోడగడియారంలో ఎనిమిదీ పదిహేను పడింది. గేటు పిల్ల ముక్కలు మూడూ కొట్టింది. తెర కింద, ఇంకా ఎక్కనివాళ్ళ వరసలో, ఓ అంకె మెరుస్తూనే ఉంది. ఇరవై మూడు.

"వీళ్ళెవరు?" అంది మేనేజరమ్మ.

షిఫ్టాయన గొంతు సవరించుకున్నాడు. "అదే విమానంలోంచి వచ్చినవాళ్ళే మేడం. నడిచొచ్చేవాళ్ళు. పైన తనిఖీ దగ్గర ఉన్నారు. రెండో వరస... తెరవలేదు. మనిషి రాలేదు."

"మీ సెక్షనేగా?"

"మా సెక్షనే."

ఆవిడ ఫోన్ తీసి, పక్కకి తిరిగి మాట్లాడింది. "శనివారం నుంచి అన్నది తీసెయ్యండి. వాయిదా కాదు. తీసెయ్యండి." ఆ తర్వాత షిఫ్టాయనతో, "ఆ ఇరవై మూడు మంది వచ్చేదాకా ఆపుదాం" అంది.

"మంగళవారం ముగ్గురి కోసం ఆపలేదు మేడం" అంది డిగ్రీ. అనాలని అనుకోలేదు, వచ్చేసింది.

మేనేజరమ్మ ఆమె వైపు చూసింది. "అవును. ఆపలేదు" అంది.

సన్న కుర్చీ వెనకే ఉండిపోయింది, బావ కూడా అక్కడే ఉన్నాడు. డిగ్రీ మళ్ళీ విమానంలోకి వెళ్ళింది. ఈసారి సందు ఖాళీగా ఉంది. సగందాకా వెళ్ళేసరికి మైకు గరగరమంది. ఎన్నోసార్లు చదివి అరిగిపోయిన గొంతుతో విమానం పిల్ల చదివింది. ప్రత్యేక సహాయం అవసరమైన ప్రయాణికుల కారణంగా బయలుదేరడం కొద్దిగా ఆలస్యమవుతోంది, మన్నించండి.

నాలుగైదు తలలు విసుగ్గా వెనక్కి తిరిగాయి.

చివరి వరసలో ఒక చెయ్యి లేచింది. "అమ్మాయ్" అన్నారు దుబాసీ గారు. కోర్టు హాల్లో మాట్లాడి అలవాటైన గొంతు, మైకు అక్కర్లేదు. "ఆ ప్రయాణికులం మేమే. ఇక్కడే ఉన్నాం. మీ అందరికంటే ముందు బెల్టు పెట్టుకున్నాం. ఇంకెవరి కోసమో చూసి చెప్పు."

ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. విమానం పిల్ల మొహం ఎర్రబడింది. చేతిలో కాగితం చూసుకుంది, అందులో ఇంకో వాక్యం లేదు. ఎవరితోనో ఫోన్లో మాట్లాడి, మైకు మళ్ళీ అందుకుంది. ఈసారి చదవలేదు, మామూలుగా చెప్పింది. "నడిచి వస్తున్న ఇరవై మూడు మంది కోసం ఆగామండీ. వచ్చేస్తున్నారు."

వచ్చారు. జుట్లు చెదిరి, షర్టులు బయటికొచ్చి, ఒకరి చేతిలో ఒక చెప్పు. సారీ, సారీ అంటూ సందులో వరసగా వస్తుంటే, పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని, తన పక్క వరసలో కూలబడ్డ కుర్రాడితో అన్నాడు. "ఫర్లేదు బాబూ. ముందు ఆయాసం తీర్చుకో. నడక మీద వచ్చేవాళ్ళకి ఎప్పుడూ ఈ అవస్థే."

"మీరూరుకోండి" అంది ఆయన భార్య.

డిగ్రీ వంగి దుబాసీ గారి పట్టీ ఇంకోసారి చూసింది. చూడక్కర్లేదు, అయినా చూసింది. "వెళ్తానండీ" అంది.

"మంగళవారం కలుద్దాం" అన్నారు దుబాసీ గారు. అది అడగడం కాదు, చెప్పడం.

వెనక తలుపు మూశాక గది కిందికి దిగింది. బావ బండిని గీత ఇవతలికి తెచ్చి నిలిపాడు. డిగ్రీ నడుముకున్న వాకీటాకీ గరగరమంది. షిఫ్టాయన. ఆ చానెల్లో ముప్పై మంది వింటారని ఆయనకీ తెలుసు.

"డిగ్రీ."

"చెప్పండి సార్."

"ఎనిమిదిన్నర విమానం పదకొండు నిమిషాలు ఆలస్యం." కొంచెం ఆగాడు. "కారణం మా సెక్షనే. అదే వేశాను."

చానెల్లో విన్నామన్నట్టు ఎక్కడో ఎవరో మీట నొక్కి వదిలిన చిన్న టక్కుమనే చప్పుడొచ్చింది. తర్వాత ఇంకొకటి. ఇంకొకటి.

"సరే సార్" అంది డిగ్రీ.

ట్రాక్టరు విమానాన్ని వెనక్కి నెట్టింది. ఇంజన్ల గాలికి డిగ్రీ జుట్టు కళ్ళలో పడింది. ఎనిమిదీ నలభై ఒకటి. గంట ప్రయాణం. దిగడానికి పావుగంట, కోర్టుకి అరగంట. వేళ్ళ మీద వేసుకుంది. పదకొండుకి అందుతుంది.

"అందుతుంది బావా" అంది.

"ఎవరికే?"

"ఆవిడకి. కేసులో ఉన్న ఆవిడకి."

"ఎవరే ఆవిడ? ఎలా ఉంటుంది?"

"తెలీదు" అంది డిగ్రీ, విమానం వైపే చూస్తూ. "నేనెప్పుడూ చూళ్ళేదు."

బావ గేరు వేశాడు. తొమ్మిదింటికి దిగే విమానం కోసం పిన్ని బకెట్లతో అప్పటికే రోడ్డు పక్కన నిలబడి, బస్సాపేవాళ్ళలా చెయ్యి ఊపుతోంది.